బ్రూటస్ ఎక్కడ నలిగిపోతున్నాడు?

మీరు అడిగింది ఇది: కాలేజీ వార్షికోత్సవానికి షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్' వేస్తున్నారు, బ్రూటస్ వేషం మీకిచ్చారు. డైరెక్టరేమో "లోపల నలిగిపోతున్నట్టు కనపడాలి" అంటున్నాడు. మీరు స్క్రిప్టు ఎన్నిసార్లు చదివినా బ్రూటస్ చల్లగా, రాయిలా కనపడుతున్నాడు. ఏడవడు, హామ్లెట్‌లా ఊగిసలాడడు. మరి ఆ నలుగుబాటు ఎక్కడుంది? అసలు ఉందా, లేక గైడ్లలో రాసే మాటేనా?

ముప్పై ఏళ్లకు పైగా ఈ నాటకం క్లాసులో చెప్పాను, మూడుసార్లు పిల్లల చేత వేయించాను. మొదటిసారి నేనూ మీ డైరెక్టర్ చెప్పినట్టే చేయించాను. తోట సీనులో కుర్రాణ్ని అటూ ఇటూ పచార్లు చేయమని, జుట్టు పీక్కోమని చెప్పాను. చూసినవాళ్లకి పన్నునొప్పితో నిద్రపట్టని మనిషిలా కనపడ్డాడు. అందులో నిద్రపట్టకపోవడం ఒక్కటే సరైనది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నా లెక్కలో నలుగుబాటు ఉంది, చాలా ఉంది. మీరు దాన్ని 'రాజైపోతాడన్న భయంతో స్నేహితుడు సీజర్‌ను చంపాలా, వద్దా' అన్న చోట వెతుకుతున్నారు. అక్కడ దొరకదు. ఆ నిర్ణయం దాదాపు మన కళ్ల వెనక జరిగిపోతుంది. బ్రూటస్‌ను తినేస్తున్న ప్రశ్న వేరే: సీజర్‌ను చంపి కూడా హంతకుడు అనిపించుకోకుండా ఎలా? ఇతరుల చేత అనిపించుకోకపోవడమే కాదు, తన దగ్గర తాను కూడా. ఇది పట్టుకుంటే అతను చేసే ప్రతి తప్పూ ఒకే వేరు నుంచి వస్తోందని తెలుస్తుంది. నాటకం పేరు సీజర్‌దే అయినా, సీజర్ మూడో అంకం మొదటి రంగంలోనే పోతాడు. బ్రూటస్‌కి ఉన్న పంక్తులు సీజర్ వాటికి నాలుగు రెట్లకు పైగా ఉంటాయి. కాబట్టి ఈ వేరు దొరక్కపోతే నాటకమే నిలబడదు.

తోట స్వగతం తీసుకోండి. రెండో అంకం మొదటి రంగం. ఇంకా తెల్లవారలేదు. బ్రూటస్ నోట మొదట వచ్చే మాటేమిటి? "అతను చావడం ఒక్కటే దారి." తీర్పు ముందే వచ్చేసింది. ఆ తర్వాత కారణాలు వెతుక్కుంటున్నాడు. తనకు సీజర్ మీద సొంత కక్షేమీ లేదంటాడు. ఆవేశం అతని వివేకాన్ని మించిపోవడం తానెప్పుడూ చూడలేదంటాడు. గమనించండి, ఇది ముద్దాయి తరఫు సాక్ష్యం! చంపబోయేవాడే ఇస్తున్నాడు. ఇక చేతిలో రుజువు లేదు కనుక ఊహ మీద పడతాడు. కిరీటం పెడితే మారవచ్చు. పైకెక్కేదాకా వినయం నిచ్చెన లాంటిది, ఎక్కాక ఆ నిచ్చెనకే వీపు తిప్పుతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు అనేది ఇదే. లోకంలో చాలామంది విషయంలో నిజం కూడా. కాని సీజర్ విషయంలో ఇంకా జరగలేదు, 'జరగవచ్చు' మాత్రమే. ఆ సంగతి బ్రూటస్‌కి తెలుసు. అందుకే తనకు తానే చెప్పుకుంటాడు: ఇప్పుడున్న మనిషిని చూపించి వాదిస్తే వాదన నిలవదు, కాబట్టి దీన్ని ఇలా మలుద్దాం, అతన్ని ఇంకా పొదగని పాముగుడ్డు అనుకుందాం, గుడ్డులోనే చంపేద్దాం.

'ఇలా మలుద్దాం' అన్న చోట ఆగండి. తీర్పు ముందే రాసేసి, దానికి కారణాలు అల్లుకుంటున్న జడ్జి ఒకడు అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని ఉంటే ఎలా ఉంటాడు? జుట్టు పీక్కోడు. చాలా నెమ్మదిగా, చాలా జాగ్రత్తగా మాట్లాడతాడు. వాక్యం వాక్యానికీ తన గొంతు తనకే నమ్మబుద్ధిగా ఉందో లేదో విని చూసుకుంటాడు. మీకు చల్లగా కనపడింది ఇదే. ఆ చల్లదనాన్ని తీసేయకండి. అది కప్పుకున్న దుప్పటి.

ఇక ఆ తీర్పు ఎప్పుడు వచ్చింది? మొదటి అంకం రెండో రంగంలో బ్రూటస్ తన గురించి తాను చెప్పే తొలి సంగతుల్లో ఒకటి 'తనతో తానే యుద్ధంలో ఉన్నాను, అందుకే స్నేహితులతో సరిగా ఉండటం లేదు' అని. అతన్ని కుట్రలోకి లాగే కాషియస్ ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు. అంటే పుల్ల అంటుకునేసరికే కట్టెలు ఎండి ఉన్నాయి. బయట జనం కేకలు వినపడగానే "సీజర్‌ను రాజుగా ఎన్నుకుంటున్నారేమోనని భయంగా ఉంది" అని బ్రూటస్ నోరుజారతాడు. కాషియస్ పట్టేసుకుంటాడు: ఓహో, భయమా, అయితే అలా జరగడం నీకిష్టం లేదన్నమాట. దానికి బ్రూటస్ జవాబు: "ఇష్టం లేదు కాషియస్. కాని అతనంటే నాకెంతో ప్రేమ." మీ వేషం మొత్తం ఈ ఒక్క పంక్తిలో ఉంది. రెండు సగాల్లో దేన్నీ మింగేయకుండా పలకడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

తర్వాత కాషియస్ చెప్పే కథలు, టైబర్ నదిలో సీజర్ మునిగిపోబోతే తాను మోసుకొచ్చాననీ, స్పెయిన్‌లో జ్వరం వస్తే ఆడపిల్లలా నీళ్లడిగాడనీ, అవన్నీ అసూయ. వాటికి బ్రూటస్ దగ్గర్నుంచి జవాబే రాదు. అతనికి తగిలేది తాత పేరు. క్రీ.పూ. 509లో టార్క్విన్ రాజును తరిమేసి రోములో రాజరికం పోగొట్టాడని చెప్పే లూషియస్ జూనియస్ బ్రూటస్ వంశం తనది. కాషియస్ ఆ తీగే మీటుతాడు. తర్వాత రకరకాల చేతిరాతలతో, జనమే రాసినట్టు దొంగ ఉత్తరాలు కిటికీలోంచి వేయిస్తాడు.

ఆ ఉత్తరం సంగతి చాలామంది గమనించరు. 'బ్రూటస్, నిద్రపోతున్నావు, మేలుకో. రోము ఇలా...' అని వాక్యం సగంలో వదిలేసి ఉంటుంది. మిగతా సగాన్ని బ్రూటసే పూరించుకుంటాడు, 'రోము ఒక్క మనిషికి భయపడి బతకాలా' అని. మోసం సగం కాషియస్‌ది, మిగతా సగం బ్రూటస్ సొంతం. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమయ్యేవి, ఎందుకో.

కుట్రదారులకు బ్రూటస్ ఎందుకు కావాలో వాళ్లలో ఒకడైన కాస్కా దాచకుండానే చెబుతాడు: జనం గుండెల్లో అతనికి చోటుంది, మనం చేస్తే నేరమనిపించేది అతను ఉంటే పుణ్యమైపోతుంది. అంటే వాళ్లకు అతను పూత. ఇనుముకు బంగారు పూత. బ్రూటస్‌కి ఈ సంగతి తెలియదు. తన మంచితనం ఆధారంగా వాళ్లు నడుస్తున్నారనుకుంటాడు, దాన్ని వాడుకుంటున్నారనుకోడు.

ఇప్పుడు నిద్ర. తోట సీను మొదట్లోనే కుర్ర సేవకుడు లూషియస్‌ను పిలుస్తాడు. వాడు గాఢనిద్రలో ఉంటాడు. 'అంత గట్టిగా నిద్రపోయే జబ్బు నాకుంటే బాగుండు' అనుకుంటాడు బ్రూటస్. కాసేపటికి, కాషియస్ మొదటిసారి తనను సీజర్ మీదికి పదును పెట్టిన దగ్గర్నుంచి నిద్ర లేదంటాడు. ఘోరమైన పని తలపెట్టిన క్షణానికీ చేసే క్షణానికీ మధ్య కాలమంతా పీడకలలా ఉంటుందంటాడు. మనిషి అనే చిన్న రాజ్యంలో తిరుగుబాటు లేచినట్టుంటుందట. మీ డైరెక్టర్ అడుగుతున్న నలుగుబాటు ఇదిగో, ఇక్కడ నేరుగా ఉంది. అది కూడా నిర్ణయం అయ్యాకే వచ్చింది చూడండి. దీన్ని ఏడుపుతో చేయకండి, అలసటతో చేయండి. నెల రోజులుగా సరిగా పడుకోని మనిషి ఎలా ఉంటాడు? అడిగిన మాటకు అరక్షణం ఆలస్యంగా జవాబిస్తాడు. చిన్నవాళ్ల మీద అవసరానికి మించి మెత్తగా ఉంటాడు. రేపు ఏ తారీకో పనివాణ్ని కేలెండరు చూసి రమ్మంటాడు. ఈ చివరిది నా కల్పన కాదు, నాటకంలో ఉంది. మార్చి 15 అని లూషియస్ వచ్చి చెబుతాడు.

తర్వాత కుట్రదారులు టోపీలు చెవుల దాకా లాక్కుని, ముఖాలు కప్పుకుని వస్తారు. రోమన్లకు టోపీలేమిటని అడగకండి. 1599లో లండన్‌లో వేసిన నాటకం అది, ఆ రోజుల దుస్తులే ఉంటాయి. అదే సీనులో గంటల గడియారం కూడా మోగుతుంది! వాళ్లు అలా వచ్చారని లూషియస్ చెప్పగానే బ్రూటస్‌కు కలిగేది సిగ్గు. కుట్రా, రాత్రిపూట కూడా ముఖం చూపించడానికి నీకు సిగ్గా, అయితే నవ్వుల్లో, మర్యాదల్లో దాక్కో అంటాడు. అంటే ఆ నాటకమాడటానికీ సిద్ధమే.

ఇక వరుసగా మూడు అభ్యంతరాలు. కాషియస్ ఒట్టు వేసుకుందామంటాడు, వద్దంటాడు బ్రూటస్, నిజాయితీ ఉన్నవాళ్లకు ఒట్టెందుకని. పేరున్న వక్త సిసిరోను కలుపుకుందామంటారు, వద్దంటాడు. సీజర్ ఆప్తుడు ఆంటొనీని కూడా చంపేద్దామంటాడు కాషియస్. రాజకీయంగా చూస్తే అక్కడున్న వాళ్లలో తెలివైన మాట అదొక్కటే. బ్రూటస్ ఒప్పుకోడు. ఎందుకు? మనం బలి ఇచ్చేవాళ్లం కావాలి, కసాయివాళ్లం కాకూడదు. కుక్కలకు వేసే కళేబరంలా నరకొద్దు, దేవతలకు పెట్టే నైవేద్యంలా కోద్దాం. సీజర్‌ను ముక్కలు చేయకుండా అతనిలోని ఆత్మను మాత్రం పట్టుకోగలిగితే ఎంత బాగుండేది, కాని అయ్యో, దానికోసం సీజర్ రక్తం కారక తప్పదే!

ఆ 'అయ్యో' మాత్రం గుండెలోంచి రావాలి. ఈ ప్రసంగంలో అతని గొంతు జీరబోవాల్సింది అక్కడొక్కచోటే. ఎందుకంటే వెంటనే మళ్లీ లెక్కల్లోకి వెళ్లిపోతాడు. గడుసు యజమానులు నౌకర్లను కోపానికి ఉసిగొల్పి తర్వాత పైకి మందలించినట్టు, మన గుండెలు మన చేతులను వాడుకోవాలంటాడు. అలా జనం కళ్లకు కనపడితే మనల్ని హంతకులనరు, జబ్బు కడిగినవాళ్లంటారు. 'కనపడితే', 'అంటారు'. మామూలు హంతకుడికి ఈ బాధలేవీ ఉండవు. పెద్ద ఆదర్శవాదికీ ఉండవు. రెండిటి మధ్యా ఇరుక్కున్నవాడికే ఇంత అలంకారం కావాలి.

పోర్షియా సీను గురించి ఒక్క మాట. ఎందుకు నిద్ర మానేశావని భార్య అడిగితే "ఒంట్లో బాగాలేదు, అంతే" అంటాడు. ఒంట్లో బాగాలేనివాడు తెల్లవారుజాము చలిలో తోటలో తిరుగుతాడా అని ఆమె ఒక్క ప్రశ్నతో పట్టేస్తుంది. తన తొడ మీద తానే చేసుకున్న గాయం చూపించి, నీ రహస్యం దాచగలనంటుంది. అబద్ధమాడటం బ్రూటస్‌కు చేతకాదు. చేతకాని పని చేస్తున్నాడని ప్రేక్షకుడికి తెలియాలి.

అసలు నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని తర్వాతి సీను గురించి. అందరూ వదిలేసే సీను, కొన్ని ప్రదర్శనల్లో కత్తిరించేస్తారు కూడా. సీజర్ ఇంట్లో, ఆ రోజు పొద్దున. సీజర్‌ను సెనేట్‌కు తీసుకెళ్లడానికి అందరూ వస్తారు. టైమెంత అని సీజర్ అడిగితే, ఎనిమిది కొట్టిందని చెప్పేది బ్రూటసే. సీజర్ శ్రమ తీసుకుని వచ్చినందుకు థాంక్స్ చెబుతాడు. లోపలికి రండి, నాతో కాస్త వైన్ తాగండి, తర్వాత స్నేహితుల్లాగా అందరం కలిసి వెళదాం అంటాడు. బ్రూటస్ పక్కకు తిరిగి ఒక మాట అనుకుంటాడు. నా తెలుగులో చెప్పాలంటే: "'లాగా' ఉన్నవన్నీ అవే కావు సీజర్. ఆ తలపుకే బ్రూటస్ గుండె కుమిలిపోతోంది." ఇంగ్లీషులో ఆ మాట మీద ఆడిన ఆట మన 'లాగా'లో ఎంత చక్కగా ఇమిడిపోయిందో చూడండి.

నాటకం మొత్తంలో సీజర్ పట్ల బ్రూటస్ బాధ ముసుగు లేకుండా బయటపడేది అక్కడే. వాదన లేదు, రోము లేదు, తాత లేడు, పాముగుడ్డు లేదు. తన ఇంటికి పిలిచి తాగడానికి ఇస్తున్న మనిషి ఉన్నాడు, అంతే. రెండోసారి వేయించినప్పుడు నేను బ్రూటస్ చేతికి గ్లాసు ఇప్పించాను. అతను దాన్ని పెదవుల దాకా తీసుకెళ్లి తాగకుండా దించేశాడు. ఆ కుర్రాడికి అది నేను చెప్పలేదు, వాడికే తోచింది. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. హత్య సీనులో ఎవరూ అనలేదు.

హత్య సీనుకు వస్తే, మనకు బ్రూటస్ అంటే వెన్నుపోటు. మన పత్రికల్లో రాజకీయ వార్తలు చదివేవాళ్లకు 'యూ టూ బ్రూటస్' అనే మాట ఈ నాటకం చదవకపోయినా తెలుసు. కాని నాటకంలో వెనక నుంచి పొడిచేది కాస్కా. ఐదో అంకంలో ఆంటొనీ అదే అని తిడతాడు, కుక్కలా వెనక నుంచి సీజర్ మెడ మీద కొట్టాడని. బ్రూటస్ ముందు నుంచి వస్తాడు, అంతకు కాసేపటి ముందు సీజర్ చేతిని ముద్దు పెట్టుకుని. ఇది ముఖస్తుతి కాదని కూడా చెప్పి మరీ పెట్టుకుంటాడు. వెన్నుపోటు కన్నా ఇది భయంకరం కాదూ?

అప్పుడు సీజర్ అనే 'ఎట్ టూ బ్రూటే' ('నువ్వు కూడానా బ్రూటస్') అన్న మూడు ముక్కల లాటిన్‌కు బ్రూటస్ దగ్గర జవాబు లేదు. షేక్స్‌పియర్ ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఆధారంగా వాడుకున్న ప్లూటార్క్ చరిత్రలో (థామస్ నార్త్ ఇంగ్లీషులోకి తెచ్చింది, 1579) సీజర్ ఏమీ అనడు. బ్రూటస్ చేతిలో కత్తి చూడగానే వస్త్రం తల మీదికి లాక్కుని ఎదిరించడం మానేస్తాడు. ఈ రెండిట్లో ఏది ఎక్కువ బాధిస్తుందో నేనింకా తేల్చుకోలేదు. మీరు మాత్రం ఆ జవాబు లేనితనాన్ని దాటేయకండి. పొడిచాక ఓ మూడు సెకన్లు ఆగండి. తర్వాత అతని నోట వచ్చేది 'భయపడకండి, పరుగెత్తకండి, అత్యాశ అప్పు తీరిపోయింది' అని. మనిషి పోయాడు, మళ్లీ సూత్రం వచ్చేసింది.

ఇంకాస్త ఆగితే, చావంటే భయపడే కాలాన్ని తగ్గించాం కనుక మనం సీజర్‌కు స్నేహితులమే అంటాడు. అన్నాక, వంగండి, సీజర్ రక్తంలో మోచేతుల దాకా చేతులు ముంచుకుందాం అంటాడు. కసాయివాళ్లం కాకూడదన్నవాడు! ఇది వెటకారంగా అనకండి, భక్తితో అనండి. పూజ చేస్తున్నాననే అనుకుంటున్నాడతను. చూసేవాళ్లకు మాత్రం కబేళా కనపడుతుంది. ఆంటొనీ ఒంటరిగా మిగలగానే వాళ్లను పిలిచే మాట కూడా అదే: కసాయివాళ్లు.

ఆంటొనీని శవం దగ్గర మాట్లాడనివ్వడం నాలుగో తప్పు. కాషియస్ పక్కకు లాగి చెబుతాడు కూడా, ఏం చేస్తున్నావో నీకు తెలియట్లేదని. బ్రూటస్ వినడు, ముందు నేను మాట్లాడి కారణాలు చెబుతాగా అంటాడు. కారణం చెబితే జనం ఊరుకుంటారని నమ్మేవాడు, తనను తాను కారణాలతో ఊరుకోబెట్టుకున్నవాడే అయ్యుంటాడు. అతని ప్రసంగం వచనంలో ఉంటుంది, తూకం వేసినట్టు. సీజర్‌ను తక్కువ ప్రేమించి కాదు, రోమును ఎక్కువ ప్రేమించి. అందులో సీజర్ గాయం ఒక్కటి కూడా లేదు. దేశానికి నా చావు కావాలంటే ఇదే కత్తి నాకూ ఉందంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

జనంలో ఒకడు అరుస్తాడు: 'ఇతన్నే సీజర్‌ను చేయండి!' రాజు ఉండకూడదని స్నేహితుణ్ని చంపినవాడికి జనం ఇస్తున్న బహుమానం ఇది. దీనికీ బ్రూటస్ దగ్గర జవాబు లేదు. ఒక్క క్షణం ఆ గుంపు వైపు చూడండి చాలు. చరిత్రలో అయితే ఇంకో మెలిక ఉంది. బతికుండగా తన బొమ్మ రోమన్ నాణేల మీద వేయించుకున్నాడన్నది సీజర్ మీద ఉన్న కోపాల్లో ఒకటి. హత్య తర్వాత సైన్యం పోగుచేసుకుంటున్నప్పుడు బ్రూటస్ కూడా నాణెం కొట్టించాడు. ఒకవైపు రెండు బాకులు, మధ్యలో స్వేచ్ఛకు గుర్తయిన టోపీ, కింద మార్చి 15 అని. రెండోవైపు ఎవరి తల ఉందనుకున్నారు? బ్రూటస్‌దే.

జనాన్ని బ్రూటస్ వాళ్ల మీదికి తిప్పేసే ఆంటొనీ ప్రసంగం గురించి అందరూ చెబుతారు, నేను వదిలేస్తున్నాను. బ్రూటస్ అది వినకుండా ఒంటరిగా వెళ్లిపోతాడన్నది మాత్రం గమనించండి. వెళ్లాల్సిన అవసరం ఏమీ లేదు. ఆ శవం పక్కన నిలబడలేకే వెళ్లాడని నా ఊహ, వాచకంలో లేదు.

చరిత్రలోకి వెళ్లాం కనుక ఇంకో రెండు సంగతులు. అసలు బ్రూటస్ క్రీ.పూ. 48లో ఫార్సాలస్ యుద్ధంలో సీజర్ ప్రత్యర్థి పాంపే పక్షాన ఉన్నాడు. ఓడిపోతే సీజర్ క్షమించి, పదవులిచ్చాడు. క్రీ.పూ. 44 నాటికి అతను ప్రీటర్, అంటే పెద్ద న్యాయాధికారి. తల్లి సెర్విలియాకూ సీజర్‌కూ సంబంధం ఉండేది. దాన్నిబట్టి బ్రూటస్ సీజర్ కొడుకేనని పుకారు. వయసుల తేడా పదిహేనేళ్లే కనుక చరిత్రకారులు దాదాపుగా ఒప్పుకోరు. షేక్స్‌పియర్ ఈ నాటకంలో దాన్ని ముట్టుకోలేదు, మీరూ తండ్రీకొడుకుల సెంటిమెంటు పెట్టకండి.

రెండోది డబ్బు. సైప్రస్‌లోని సలామిస్ పట్టణానికి బ్రూటస్ తన మనుషుల ద్వారా ఏడాదికి 48 శాతం వడ్డీకి అప్పిచ్చాడు. ఆ ప్రాంతానికి గవర్నరుగా వెళ్లిన సిసిరో పెట్టిన హద్దు 12 శాతం. వసూలు కోసం అంతకుముందు గుర్రపు దళం పట్టణ సభను చుట్టుముడితే ఐదుగురు సభ్యులు ఆకలితో చచ్చిపోయారని సిసిరో తన ఉత్తరాల్లో రాశాడు. నాటకంలో ఇది లేదు. కాని నాలుగో అంకంలో కాషియస్‌తో పోట్లాట చదువుతున్నప్పుడు నాకెప్పుడూ ఇదే గుర్తొస్తుంది. నీకు లంచాల దురద ఉందని కాషియస్‌ను తిడతాడు. మహా సీజర్‌ను చంపింది న్యాయం కోసం కాదా అంటాడు. నీచమైన దారుల్లో డబ్బు పోగుచేయడం నాకు చేతకాదు, రైతుల గట్టిపడ్డ చేతుల్లోంచి పైసలు పిండలేనంటాడు. అంటూనే నీ దగ్గర బంగారం అడిగితే ఎందుకివ్వలేదని నిలదీస్తాడు! అంటే ఆ పిండే పని కాషియస్ చేయాలి, ఖర్చు తాను పెట్టాలి. తోటలో గుండెలు, చేతుల గురించి చెప్పిన మాట ఇక్కడ జీతాల లెక్కలోకి దిగింది. ఈ సీనులో గట్టిగా అరవండి, ఇక్కడ అరుపు న్యాయమే. తప్పు తనదని లోపల తెలిసినవాడే అంత అరుస్తాడు.

అరిచి అలిసిపోయాక చెబుతాడు: "పోర్షియా చనిపోయింది." నిప్పు మింగి. కాషియస్ తట్టుకోలేకపోతాడు. కాసేపటికి వాళ్ల పక్షం వాడే అయిన మెస్సాలా వచ్చి అదే వార్త చెబితే, బ్రూటస్ అప్పుడే వింటున్నట్టు నిబ్బరంగా ఊరుకుంటాడు. సవరించేటప్పుడు రెండూ పొరపాటున మిగిలిపోయాయని కొందరు పండితులు, కావాలనే పెట్టాడని కొందరు. నాటకం అచ్చయింది షేక్స్‌పియర్ పోయాక, 1623లో. కాబట్టి ఈ తగువు తీరదు. నేను మాత్రం రెండూ ఉంచి వేయించాను. తోటివాళ్ల ముందు రాయిలా కనపడటానికి భార్య చావును కూడా వాడుకునేంత అలవాటైపోయింది ముసుగు. మీ డైరెక్టర్ ఒకటి తీసేద్దామంటే ఒప్పుకోకండి. మీరడిగిన 'చల్లదనం' ఎక్కడి నుంచి వస్తోందో ప్రేక్షకుడికి దొరికేది ఇక్కడే.

ఆ రాత్రే గుడారంలో లూషియస్ వాయిస్తూ వాయిస్తూ నిద్రలోకి జారిపోతాడు. వాద్యం విరిగిపోతుందేమోనని బ్రూటస్ మెల్లగా వాడి చేతిలోంచి తీసి పక్కన పెడతాడు. తాను మళ్లీ మేలుకునే ఉంటాడు. అప్పుడు వస్తుంది సీజర్ దెయ్యం. ఎవరు నువ్వంటే, "నీ దుష్టాత్మను, బ్రూటస్" అంటుంది. సీజర్‌నని చెప్పదు, 'నీ' అంటుంది. సీజర్ ఆత్మను పట్టుకోవాలనుకున్నవాడిని ఆ ఆత్మే పట్టుకుంది. ఆఖరి యుద్ధం జరగబోయే ఫిలిప్పైలో కనపడతానంటుంది. ఫిలిప్పైకి వెళ్లడం కూడా కాషియస్ వద్దంటే బ్రూటస్ పట్టుబట్టిందే.

ఫిలిప్పై యుద్ధం చరిత్రలో క్రీ.పూ. 42 అక్టోబరులో, దాదాపు మూడు వారాల తేడాతో రెండుసార్లు జరిగింది. నాటకం రెండిటినీ ఒక్కరోజులో కుదించింది. వార్త తప్పుగా అర్థం చేసుకుని కాషియస్, సీజర్‌ను పొడిచిన కత్తితోనే పొడిపించుకుంటాడు. చివర్లో ఆంటొనీ బ్రూటస్‌ను వాళ్లందరిలో ఉదాత్తుడు, మిగతావాళ్లు అసూయతో చేశారని పొగుడుతాడు. పరీక్షల్లో అందరూ దాంతో ముగిస్తారు. గెలిచినవాడు ఓడిన శవం మీద పెట్టే పూలదండ అది, మీరు దాన్ని మోయనక్కర్లేదు. ఇటలీ కవి డాంటే ఇతన్ని నరకం అట్టడుగున జూడాస్ పక్కన పడేశాడు, దాన్నీ మోయనక్కర్లేదు. ద్రోహా, దేశభక్తుడా అన్న తీర్పును నటించడం కుదరదు, అది హాల్లో కూర్చున్నవాళ్ల పని.

మీరు నటించాల్సింది ఆ చివరి పది నిమిషాలు. యుద్ధం ఓడిపోయాక, తనను చంపమని తన మనిషి క్లైటస్‌ను అడుగుతాడు, కాదంటాడు. డార్డేనియస్ కాదంటాడు. కత్తి పట్టుకుంటే దాని మీద పడి చస్తానని చిన్ననాటి స్నేహితుడు వొలూమ్నియస్‌ను బతిమాలతాడు, ఇది స్నేహితుడు చేసే పని కాదంటాడతను. స్నేహితుడు చేసే పని కాదని బ్రూటస్‌కు ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు. అక్కడ మొహం మీద ఏదైనా కదలనివ్వండి, చిన్నదే. కళ్ల మీద రాత్రి వేలాడుతోంది, ఎముకలకు విశ్రాంతి కావాలంటాడు. ఇక్కడ మాత్రం వాదన లేదు, 'ఇలా మలుద్దాం' లేదు. సీజర్, ఇక ఊరుకో, నిన్ను చంపినప్పుడు ఇందులో సగం ఇష్టం కూడా లేదు నాకు అంటాడు. నాటకం మొదలైన దగ్గర్నుంచి అతను రెండు ముక్కలు కాకుండా చేసిన పని ఇదొక్కటే. కాబట్టి గొంతులో అలసట పోవాలి, తేలికపడాలి.

కత్తి పట్టేది స్ట్రేటో. అంతవరకూ ఆ గొడవంతా జరుగుతుంటే అతను పక్కనే పడుకుని నిద్రపోతున్నాడు. బ్రూటస్ అతన్ని చూసి, ఇంతసేపూ నిద్రపోతూనే ఉన్నావు కదూ స్ట్రేటో అంటాడు. ఆ పంక్తిని లూషియస్‌తో మాట్లాడిన గొంతుతోనే అనండి. స్ట్రేటో లేచి, మొహం అటు తిప్పుకుని కత్తి పట్టుకునే ముందు, ఒక్కసారి మీ చెయ్యి ఇవ్వండి దొరా అంటాడు. ఇవ్వండి.